మూడో గిన్నె దాకా

నిన్న సాయంత్రం పక్కింట్లో ఎవరో పొయ్యి మీద శనగలు వేసి మరిచిపోయారు. మాడిన వాసన గోడ దాటి మా వరండాలోకి వచ్చింది. అందరూ ముక్కు మూసుకునే వాసన అది. నేను మాత్రం చేతిలో ఉన్న పుస్తకం పక్కన పెట్టి దాన్ని గుండెల నిండా పీల్చుకున్నాను. గింజ ఎర్రబడి, నల్లబడబోతూ, లోపలి నూనె పైకి మెరిసే క్షణం ఒకటి ఉంటుంది. ఆ క్షణంలో వచ్చే పొగ నన్ను యాభై ఏళ్ళ వెనక్కి, నంద్యాలలో మిషన్ బడి వెనక వరస ఇళ్ళలో చివరి ఇంటికి, దీనమ్మ టీచరు ముందుకు తీసుకుపోతుంది.

పక్కన పెట్టిన ఆ పుస్తకం వల్లనే ఇది రాయవలసి వచ్చింది. నంద్యాలలో మా పేట చర్చి వాళ్ళు ఈ మధ్య ఒక వార్షికోత్సవ సంచిక అచ్చు వేశారు. పాత పెద్దల ఫోటోలు, గోపురం కట్టిన వివరాలు, విరాళాలు ఇచ్చిన వాళ్ళ పేర్లు అన్నీ ఉన్నాయి. దీనమ్మ టీచరు గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది. కొంతకాలం విదేశంలో ఉపాధ్యాయినిగా పనిచేసి, అనారోగ్యం వల్ల తిరిగి వచ్చి, ప్రశాంత జీవితం గడిపారట. ఇందులో కొంతకాలం విదేశంలో పనిచేసిందన్న మాట ఒక్కటే నిజం. ఆమె జబ్బుపడి రాలేదు. ఆమె జీవితం ప్రశాంతంగా గడవనివ్వలేదు. గడవనివ్వని వాళ్ళ ఫోటోలు అదే సంచికలో మొదటి పేజీల్లో ఉన్నాయి. అచ్చులో వచ్చిన దానికి అచ్చులోనే జవాబు చెప్పాలని గ్రంథాలయంలో నేర్చుకున్నాను. అందుకని రాస్తున్నాను.

నేను ఎనిమిదో తరగతి దాకే బడికి పోయినదాన్ని. ఆ తర్వాత చదివిందంతా నంద్యాల శాఖా గ్రంథాలయంలో, పెళ్ళయ్యాక ఆళ్ళగడ్డ గ్రంథాలయంలో. ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. పట్టాలున్న వాళ్ళు చదవని పుస్తకాలు కొన్ని నేను రెండేసి సార్లు చదివాను. నన్ను ఆ గ్రంథాలయంలోకి చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది దీనమ్మ టీచరే.

మా అమ్మ చనిపోయిన ఏడు అది. నాయన ఇళ్ళు కట్టే బేల్దారి పనికి పోయేవాడు. ఇద్దరు తమ్ముళ్ళకు వండిపెట్టే మనిషి లేక నన్ను బడి మాన్పించాడు. టీచరు ఇంటికి వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉండేది. పెళ్ళి చేసుకోలేదు. మిషన్ బడిలో పై తరగతులకు లెక్కలు చెప్పేది. ఆమె వస్తూంటే వీధిలో పిల్లలు గోలీలు జేబులో వేసుకునేవాళ్ళు. పేరు దీనమ్మే గానీ దీనత్వం ఆ చీర కొంగుకు కూడా అంటలేదని మా నాయన అనేవాడు. బడికి పంపమని బతిమాలుతుందేమో అనుకుని నాయన జవాబులు సిద్ధం చేసుకుని కూర్చున్నాడు. ఆమె బతిమాలలేదు.

"దేవదాసన్నా, బడికి పంపలేనంటాండావు, సరే. సాయంత్రం ఒక్క గంట నాకియ్యి. వంటకు ముందరే తెచ్చి దించిపోతా" అంది.

ఆ గంటలో నన్ను గ్రంథాలయానికి తీసుకుపోయింది. పొడుగాటి బల్ల, రెండు వైపులా బెంచీలు, బెంచీల నిండా మగవాళ్ళు. కొందరు పత్రికలు చదువుతున్నారు, కొందరు పత్రిక అడ్డం పెట్టుకుని నిద్రపోతున్నారు. ఆడవాళ్ళు ఒక్కరూ లేరు. గ్రంథాలయం చూసుకునే పుల్లయ్య గారు మంచివాడే. ఆయన టీచరు దగ్గరికి వచ్చి మెల్లగా, ఆడవాళ్ళు పుస్తకం ఇంటికి తీసుకుపోవచ్చుననీ, ఈడ కూర్చునే అలవాటు లేదనీ చెప్పాడు.

"అలవాటు ఈ పొద్దు నుంచి చేసుకుందాం పుల్లయ్యన్నా. రోంత జరగండప్పా" అని టీచరు బెంచీ దగ్గరికి పోయి నిలబడింది.

జరిగారు. ఒక ముసలాయన జరగడం ఇష్టం లేక పత్రిక మడిచి చంకలో పెట్టుకుని లేచిపోయాడు. పుల్లయ్య గారు ఆ పత్రిక కోసం ఆయన వెంట వీధి దాకా పరుగెత్తాడు. మేమిద్దరం ఖాళీ అయిన చోట కూర్చున్నాం. నా ముందు పెట్టిన పుస్తకంలో ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. అందరూ నన్నే చూస్తున్నట్టు అనిపించి చెమటలు పట్టాయి. టీచరు నా చెవి దగ్గర, "అర్థం కాకపోయినా లేయొద్దుమే. రేపు అయితాది" అంది. మరునాడూ పోయాం. నెల తిరిగేసరికి నాకు ఆ బెంచీ మీద ఒక చోటు ఏర్పడింది. నేను ఆలస్యంగా పోయినా అది ఖాళీగా ఉండేది.

ఆ బెంచీ మీదే ఒకరోజు టీచరు పెద్ద అట్లాసు తెచ్చి నా ముందు తెరిచి, ఇథియోపియా ఎక్కడుందో వెతకమంది. ఆ దేశం పేరు చర్చిలో బైబిలు వాక్యం వినేవాళ్ళకు కొత్త కాదు. కానీ అది ఇప్పటికీ ఉన్న దేశమనీ, దాంట్లో బస్సులూ బడులూ ఉంటాయనీ మేమెవరం అనుకోలేదు. నేను ఆఫ్రికా అంతా వేలు పెట్టి వెతికాను. దొరకలేదు. అట్లాసు తెల్లదొరల కాలం నాటిది. ఆ చోట అబిసీనియా అని ఉంది. పుల్లయ్య గారు వచ్చి, పేరు మారిందని చెప్పి, ఇథియోపియా గురించి రాసిన లావు విజ్ఞాన సంపుటం ఒకటి దుమ్ము దులిపి ఇచ్చాడు. అప్పుడు టీచరు అసలు సంగతి చెప్పింది. ఆ దేశపు ప్రభుత్వం తమ బడులకు మన దేశం నుంచి పంతుళ్ళను తీసుకుంటోంది. ఆమె దరఖాస్తు పెట్టింది, మద్రాసు పోయి మాట్లాడి వచ్చింది, ఎంపికైంది. అప్పటికి నంద్యాలలో ఎవరికీ చెప్పలేదు. మొదట నాకు చెప్పింది.

ఆ తర్వాత ఆమె బయలుదేరేదాకా గడిచిన రోజులు నా జీవితంలో అందమైనవి. పోయేది ఆమె అయినా ఎదురుచూపు ఇద్దరిదీ. ఆ సంపుటంలో ఆ దేశం గురించి ఉన్న పేజీలు నాకు కంఠతా వచ్చాయి. టీచరు పోబోయే ఊరు ఎత్తయిన కొండల మీద ఉంటుంది. కాఫీ చెట్టు మొదట పుట్టింది ఆ గడ్డ మీదే. వాళ్ళ సంవత్సరానికి పదమూడు నెలలు. ఈ చివరి సంగతి మా నాయనకు చెప్తే, ఆయన తాపీ కడుగుతూ, "పదమూడో నెలకు కూలి ఇస్తారా, లేక ఊరికే చేపిచ్చుకుంటారా, అది కనుక్కోమను" అన్నాడు. నేను నిజంగానే అడిగాను. కనుక్కుని రాస్తానని టీచరు చెప్పింది.

ఎత్తయిన ఊరు కాబట్టి చలి ఉంటుందని పుస్తకంలో ఉంది. నంద్యాలలో చలికోటు ఎవరు అమ్ముతారు? రైల్వేలో గార్డు పని చేసి దిగిపోయిన ఒకాయన తన నల్ల ఉన్ని కోటు ఇచ్చాడు. టీచరు దాన్ని మే నెలలో, ఇంటి ముందు వేపచెట్టు కింద, ఎండ దిగకముందే వేసుకుని కూర్చునేది. బరువు అలవాటు కావాలట. నంద్యాల ఎండ తెలిసిన వాళ్ళకు ఆ దృశ్యం వేరే చెప్పనక్కర్లేదు. కుళాయి దగ్గర ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. ఒకామె బిందె చంకన పెట్టుకుని వచ్చి, "ఏం టీచరమ్మా, చలిజరమా?" అంది.

"జరం కాదు. దేశం పట్టింది" అంది టీచరు, మొహం మీద చెమట తుడుచుకుంటూ.

అందరూ నవ్వి ఊరుకోలేదు. చర్చి కమిటీ సెక్రటరీ సాల్మన్ గారు ఒక ఆదివారం ఇంటికి వచ్చాడు. టీచరుకు చిన్నప్పటి నుంచి తెలిసినవాడు, వరసకు అన్న. ఒంటరి ఆడమనిషి సముద్రాలు దాటి పోతే సంఘానికి మాట వస్తుందనీ, మన పిల్లలకు చెప్పే చదువు చాలదా అనీ చాలాసేపు నచ్చజెప్పాడు. చివరికి, "ఆడ నీకేమన్నా అయితే మేం యాడికి రావాల దీనమ్మా?" అన్నాడు.

"పోయినేడు నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు ఈడనే ఉంటి గదా అన్నా. మీ ఇంటికీ మా ఇంటికీ నడుమ ఎన్ని సముద్రాలుండెనో నాకు తెల్దు" అంది టీచరు.

సాల్మన్ గారు లేచి వెళ్ళిపోయాడు. ఆ జ్వరంలో టీచరుకు గంజి కాచి పోసింది పక్కింటి మాబుబీ. ఆమె భర్త పరుపులు కుట్టేవాడు. టీచరు రైలెక్కేరోజు సంఘం వాళ్ళు కొందరు స్టేషనుకు వచ్చి ప్రార్థన చేశారు. ప్రార్థన అయిపోగానే మాబుబీ ముందుకు వచ్చి, తమ ఆచారం ప్రకారం గుడ్డలో బిళ్ళ ఒకటి చుట్టి టీచరు జబ్బకు కట్టింది. దూరం పోయేవాళ్ళు క్షేమంగా తిరిగి రావాలని కడతారట. పెద్దలు మొహాలు చూసుకున్నారు. టీచరు చేతిని వెనక్కి తీసుకోలేదు. దాని మీదే గార్డు కోటు వేసుకుని రైలెక్కింది. నేను ప్లాట్‌ఫారం చివరిదాకా రైలు పక్కన నడిచాను. "పుస్తకం యాడ ఆపినావో ఆడ నుంచి చదువు" అన్నది ఆమె కిటికీలోంచి చెప్పిన ఆఖరి మాట.

ఆమె ఎందుకు తిరిగి వచ్చిందో ఇప్పుడు సూటిగా రాస్తాను. ఆ దేశంలో చక్రవర్తిని దించేశారు. కొత్త ప్రభుత్వం పై తరగతుల పిల్లలను పల్లెల్లో పనికి పంపింది. ఆ తరగతులు మూతపడ్డాయి, పైచదువు చెప్పే పరదేశి పంతుళ్ళకు పని లేకుండా పోయింది. ఒప్పందం ముగిసింది, వచ్చేసింది. అంతే. వచ్చేటప్పుడు లావై వచ్చింది. స్టేషనులో ట్రంకు పెట్టె తానే దించుకుంది. కూలీ మనిషి సాయం రాబోతే వద్దంది. జబ్బు మనిషి ట్రంకు పెట్టె దించుకోదు. అది చూసినవాళ్ళలో నేనొకదాన్ని. నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు.

ఆ పెట్టెలో బట్టలు తక్కువ. ఒక చిన్న ఇనప పెనం, పొడుగు మెడ ఉన్న నల్లటి మట్టి కూజా, పిడి లేని పింగాణీ గిన్నెలు, ఒక సంచి నిండా పచ్చి కాఫీ గింజలు. ఒక చేతిగడియారం కూడా ఉంది. దాన్ని ఆమె మన వేళకు తిప్పలేదు. ఆ దేశంలో రోజు పొద్దుతో మొదలవుతుంది. పొద్దు పుట్టిన గంటకు ఒకటి అవుతుంది. అక్కడ పొద్దు మనకంటే రెండున్నర గంటలు వెనక కాబట్టి, మనకు దీపాలు పెట్టే వేళకు ఆ గడియారంలో పది. టీచరు దాన్ని చూసి, "అల్మాజ్ ఇప్పుడు పెనం పెట్టింటాది" అనేది. అల్మాజ్ ఆమె అద్దెకున్న ఇంటావిడ. ఆమె గురించి ఎన్నిసార్లు విన్నానంటే, ఆ ఇంటికి పోయే దారి ఈ రోజుకీ చెప్పగలను. బస్సు దిగి, యూకలిప్టస్ చెట్ల మధ్య మెట్టదారి ఎక్కి, ఎడమవైపు రేకుల గేటు.

వచ్చిన వారానికి టీచరు మమ్మల్ని కాఫీకి పిలిచింది. అక్కడ ఇంటికి వచ్చినవాళ్ళకు ఎలా ఇస్తారో అలాగే ఇవ్వాలని ఆమె పట్టుదల. నన్ను కుందూ ఏటి ఒడ్డుకు పంపి పచ్చి గరిక కోయించింది. దాన్ని నేల మీద పరిచింది. కుంపటి రాజేసి ఒక మూల సాంబ్రాణి వేసింది. పళ్ళెంలో జొన్న పేలాలు పోసింది. పెనంలో గింజలు వేసి, చిటపటమని నల్లబడేదాకా తిప్పింది. పొగ లేచాక ఆ పెనం తీసుకుని ఒక్కొక్కరి ముందుకూ వచ్చి వంగి నిలబడింది. ఆ పొగను చేత్తో మొహం మీదికి తెచ్చుకోవాలి. ఆ తర్వాత గింజలు దంచి, కూజాలో కాచి, గిన్నెల్లో పోసింది. ఒకే పొడితో మూడుసార్లు కాచి మూడు గిన్నెలు ఇస్తారు. మొదటిది చిక్కన, చివరిది పల్చన. మూడోదాని పేరు బరకా. దీవెన అని అర్థం. అది తాగకుండా లేచిపోతే దీవెన వదిలేసి పోయినట్టే. "ఇది మా బర్కతే గదా" అని మాబుబీ సంబరపడిపోయింది.

ఆ రోజు వచ్చినవాళ్ళలో సాల్మన్ గారి భార్య ఎస్తేరమ్మ కూడా ఉంది. గరిక, సాంబ్రాణి, పేలాలు చూసినప్పటి నుంచీ ఆమె మొహం మారుతూ వచ్చింది. పెనం తన ముందుకు రాగానే కొంగుతో ముక్కు మూసుకుని, చెప్పులు వేసుకోవడం కూడా మరిచి వెళ్ళిపోయింది. టీచరుకు కోపం రాలేదు. నవ్వింది. ఎందుకు నవ్విందో నాకప్పుడు తెలియలేదు.

తెల్లారేసరికి పేటంతా కథలే. దీనమ్మ విగ్రహం తెచ్చుకుందనీ, గరిక పరిచి ధూపం వేసి పూజ చేస్తోందనీ మా వాళ్ళు అన్నారు. అవతలి వీధి నాగమ్మ నన్ను పిలిచి, టీచరమ్మ తమ దేవుళ్ళలోకి వచ్చేసిందట కదా, వినాయకుడికైతే గరిక ఇరవైఒకటి పెట్టాలని చెప్పు అని సలహా ఇచ్చింది. మనుషులకు మర్యాద చేసే పద్ధతి అది అని ఎవరికీ తోచలేదు. గరికా ధూపమూ ఒకచోట కనిపిస్తే మా ఊళ్ళో దానికి ఒకటే అర్థం.

తర్వాతి శనివారం కమిటీ పెద్దలు నలుగురు వచ్చారు. నేను గింజలు ఏరుతూ అక్కడే ఉన్నాను. టీచరు వాళ్ళను కూర్చోబెట్టి, కాఫీ తాగుతూ మాట్లాడుకుందామని కుంపటి వైపు తిరిగింది. నలుగురూ వద్దన్నారు. సాల్మన్ గారే మాట్లాడాడు. తెలియక చేసి ఉంటావు, రేపు ఆరాధనలో లేచి ఒక్కసారి క్షమించమని చెప్తే సరిపోతుంది, ఇంకెవరూ ఎత్తరు అన్నాడు. చెప్పకపోతే రొట్టే ద్రాక్షరసమూ పంచే ప్రభు బల్లకు రానివ్వరు, సండే స్కూలు పిల్లలను ఆమెకు అప్పగించరు. ఈ మాట ఆయన నేల చూస్తూ చెప్పాడు. మా సంఘంలో బల్లకు దూరం చేయడమంటే, కుటుంబం మధ్యలో ఉంచి అన్నం పెట్టకపోవడం లాంటిది.

టీచరు మండుతున్న కుంపటి మీద నీళ్ళు చల్లింది. తర్వాత చాలా నెమ్మదిగా అంది. "ఆ దేశంలో మన కంటే ముందు నుంచి ప్రభువును మొక్కేటోళ్ళు ఇట్లనే కాపీ ఇస్తారు, తురకోళ్ళూ ఇట్లనే ఇస్తారు. ఇది మొక్కు కాదు, మర్యాద. తప్పు చేసింటే మీరు అడక్కముందే లేసి చెప్తా. ఇంటికొచ్చిన మనిషికి మర్యాద చేసినందుకు క్షమాపణ అడిగేదానికి నాకు నోరు రాదన్నా."

"ఒక్క మాటే గదమ్మా" అన్నాడు సాల్మన్ గారు.

"ఒక్క మాటే. అందుకే ఇయ్యను" అంది.

ఆదివారం నుంచి కమిటీ తీర్మానం అమలయింది. ఆమె చర్చి మానేస్తుందని అందరూ అనుకున్నారు. మానలేదు. ఎప్పుడూ కూర్చునే ముందు వరసలోనే కూర్చుంది. అందరూ లేచి బల్ల దగ్గరికి పోతుంటే ఆమె ఒక్కతే వెన్ను నిటారుగా పెట్టుకుని ఉండిపోయేది. పోయేవాళ్ళు ఆమె మోకాళ్ళు తగలకుండా పక్కకు తిరిగి నడవాల్సి వచ్చేది. వెనక వరసలో కూర్చుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదని ఒకాయన సూచించాడట. ఇబ్బంది తనది కానప్పుడు తానెందుకు జరగాలని అడిగిందట. నేను ఆమె పక్కన కూర్చుని, బల్లకు పోకుండా ఆగిపోబోతే, మోచేత్తో పొడిచి లేపేది. "నీ కొట్లాట కాదుమే ఇది. పో" అనేది.

నా కొట్లాట నాకు తర్వాత వచ్చింది. పెళ్ళయి ఆళ్ళగడ్డ పోయాను. నా భర్త యోహాను శిల్పాలు చెక్కే షెడ్డులో రాళ్ళు ఎత్తి దించే పని చేసేవాడు. పొద్దున లేస్తే ఉలి చప్పుడు, రాతి దుమ్ము. ఆయనకు నా చదువు మీద అభ్యంతరం లేదు. మా అత్తకు ఉంది. కోడలు సాయంత్రం పూట మగవాళ్ళ మధ్య కూర్చుని పుస్తకాలు చదవడమేందని వీధిలో అడుగుతున్నారని ఇల్లు దాటనివ్వలేదు. ఈ సంగతి విని టీచరు సంచిలో పెనమూ కూజా పెట్టుకుని నంద్యాల నుంచి బస్సులో వచ్చింది. అప్పటికి ఆ దేశపు గింజలు అయిపోయాయి. బెంగళూరు పోయేవాళ్ళ చేత పచ్చివి తెప్పించుకునేది. మా అత్తకు మూడు గిన్నెలూ ఇచ్చింది. మా అత్త పేలాలు నములుతూ మూడూ తాగి, "చేదు. రుచీపచీ ల్యా" అని చెప్పి పడుకుంది. గ్రంథాలయం గురించి అవునని గానీ కాదని గానీ అనలేదు. ఆమె ఒప్పుకోలేదే అని నేను దిగులుపడితే టీచరు కసిరింది. "ఒప్పుకునేదాకా కూచుంటే నువ్వు ముసలిదానివైపోతావు. సంచి తీసుకో, నడువు." ఆ సాయంత్రమే ఆళ్ళగడ్డ గ్రంథాలయంలో నా పేరు రాయించాను. ఆ తర్వాత ఆపమని ఎవరు చెప్పినా ఆపలేదు.

ఎనభైల నడుమ ఆ గ్రంథాలయంలోనే, ఒక పత్రికలో, ఇథియోపియా కరువు ఫోటోలు చూశాను. ఎముకల మీద చర్మం, మొహం మీద ఈగలు. వెంటనే నంద్యాల బస్సెక్కాను. టీచరు దగ్గర అదే పత్రిక ఉంది, మడిచి పెట్టి ఉంది. గడియారానికి కీ ఇచ్చి మళ్ళీ గూట్లో పెట్టింది.

కొన్నాళ్ళకు చర్చిలో ఆ కరువు కోసం కానుక పట్టాలని నిర్ణయించారు. జిల్లా నుంచి ఎవరో పెద్దాయన వస్తున్నాడు. ఆ దేశం చూసిన మనిషి మా సంఘంలో ఒక్కతే. నేను టీచరు ఇంట్లో ఉన్న రోజే సాల్మన్ గారు మళ్ళీ వచ్చాడు. జుట్టు నెరిసింది, మెట్లెక్కితే ఆయాసం. ఆమె లేచి మాట్లాడితే జనం ధారాళంగా ఇస్తారన్నాడు. మాట్లాడే ముందు ఆ పాత సంగతికి ఒక్క మాట చెప్పేస్తే, ఆ రోజే బల్లకు కూడా రావచ్చన్నాడు. ఆయన గొంతులో బతిమాలడం ఉంది. ఆయనకూ అది ముగిసిపోవాలనే ఉందని నాకు అనిపించింది.

"మాట్లాడతా. ఆకలి వాళ్ళది, దాంతో నాకు బేరం వద్దు. క్షమాపణ మాత్రం అడగనన్నా. పెనం కూడా తెస్తా" అంది టీచరు.

తెచ్చింది. ఆ ఆదివారం ఆరాధన మొదలుకాక ముందే చర్చి వరండాలో గరిక పరిచింది. ఆ గరిక నేనే కోసుకొచ్చాను. ఈసారి నాకు ముప్పై దగ్గర పడుతున్న వయసు, ఎవరు చూస్తున్నారో చూడలేదు. కుంపటి పెట్టింది, సాంబ్రాణి వేసింది. మాబుబీ గేటు దగ్గర పేలాల గంప పట్టుకుని నిలబడింది. జిల్లా నుంచి వచ్చినాయన పక్కన ఉండడం వల్ల కమిటీ వాళ్ళు ఏమీ అనలేకపోయారు.

ప్రసంగ సమయంలో టీచరు లేచింది. కరువు లెక్కలు చెప్పలేదు, ఏడుపు మాటలు చెప్పలేదు. తాను ఆ దేశంలో దిగిన మొదటి సాయంత్రం గురించి చెప్పింది.

"వాన పడతాండాది. భాష రాదు. కోటు తడిసి మోపెడైంది. అల్మాజ్ తలుపు తీసింది, కూచోబెట్టింది. గడ్డి పరిచి, ధూపమేసి, పెనం తెచ్చి నా మొహం ముందర పెట్టింది. నేను ఏమనుకున్నానో తెలుసా? పరాయిదాన్ని, నల్లులో పేన్లో తెచ్చినానని పొగ పెడతాంది అనుకున్నా. కొంగుతో ముక్కు మూసుకున్నా." ఆమె ఆగి, ఆడవాళ్ళ వైపు చూసింది. ఎవరి పేరూ ఎత్తలేదు. "ఆమె కోపగించుకోలేదు. నా చెయ్యి పట్టుకొని, ఆ పొగను నా మొహం మీదికి తోలింది. అప్పుడు తెలిసింది నాకు, ఇది నా కోసమే అని. మీరు పేపర్లో చూసేటోళ్ళు ఆ మనుషులే. పరదేశి దానికి మూడు గిన్నెలు ఇయ్యకుండా పంపనోళ్ళు. బిచ్చమేసినట్టు ఇయ్యొద్దు. బాకీ తీర్చినట్టు ఇయ్యండి."

కూర్చుంది. ఎన్నో ఏళ్ళ కిందట ఎస్తేరమ్మ చెప్పులు వదిలేసి పోయినప్పుడు టీచరు ఎందుకు నవ్విందో నాకు ఆ క్షణాన తెలిసింది.

ఆరాధన ముగిశాక ఆమె వరండాలో పెనం పెట్టింది. జనం మెట్లు దిగి గేటు దగ్గర గుంపులుగా నిలబడ్డారు. పోనూ పోరు, రానూ రారు. గింజలు నల్లబడ్డాయి, పొగ లేచింది. టీచరు పెనం పట్టుకుని నిలబడింది. అప్పటికి ఆమెకు అరవై దగ్గర పడింది. గుంపులోంచి ఎస్తేరమ్మ వచ్చింది. వరండా అంచున చెప్పులు విడిచి, గరిక మీద నడిచి వచ్చి, రెండు చేతులతో పొగను మొహం మీదికి తెచ్చుకుంది. దగ్గు వచ్చింది. దగ్గుతూనే కూర్చుంది. "ఎన్ని గిన్నెలు తాగాల?" అంది.

"మూడు" అంది టీచరు.

"సరే, పొయ్యి. ఇంటికాడ వండేది ఏమీ ల్యా."

ఆమె వెనక ఇంకొందరు వచ్చారు. మాబుబీ పేలాలు పంచింది. సాల్మన్ గారు రాలేదు. చర్చి లోపల, ఖాళీ బెంచీ మీద, భార్య మూడో గిన్నె తాగి లేచేదాకా కూర్చుని ఉన్నాడు. పిలవలేదు, పొమ్మనలేదు.

తీర్మానాన్ని మాత్రం ఎవరూ రద్దు చేయలేదు. ఆమె ఎవరినీ అడగలేదు. ఎనభైలు ముగియకముందే ఒక తెల్లవారుజామున నిద్రలోనే పోయింది. అప్పటిదాకా ప్రతి ఆదివారం ముందు వరసలో కూర్చుంది, అందరూ లేచి పోతుంటే కూర్చునే ఉంది. దీన్ని ప్రశాంత జీవితం అని రాసిన వాళ్ళకు నేను చెప్పేది ఒకటే. ఆమె ఓడి ఇంటికి చేరిన మనిషి కాదు. ఆమె చూసి వచ్చిన దేశాన్ని మన ఊరు ఒప్పుకోకపోతే, ఆ దేశాన్ని దాచిపెట్టలేదు. మన వాకిట్లోనే పరిచి కూర్చుంది.

నేను ఏ దేశమూ పోలేదు. నా పేరు మీద పాస్‌పోర్టు కూడా లేదు. కానీ ఆ ఇనప పెనం నా దగ్గరే ఉంది. కోపమొచ్చి ఎక్కడినుంచైనా లేచిపోవాలనిపించినప్పుడు, మాట పూర్తయ్యేదాకా కూర్చునే బలం ఆమెదే. కూర్చున్నాను కాబట్టే ఇదంతా చూశాను, చదివాను, రాయగలిగాను.

ఇది రాయడానికి తోడైన వాళ్ళను తలుచుకోవడం న్యాయం. ఆడపిల్లకు బెంచీ మీద చోటు నిలిపి ఉంచిన పుల్లయ్య గారికి, సాయంత్రం గంట ఇచ్చిన మా నాయన దేవదాసుకు, బిళ్ళ కట్టి పంపి క్షేమంగా తిరిగి రప్పించిన మాబుబీకి, నేను గ్రంథాలయం నుంచి వచ్చేదాకా పొయ్యి చూసిన యోహానుకు, రుచి లేదంటూనే మూడూ తాగిన మా అత్త సుందరమ్మకు, దగ్గుతూ కూర్చున్న ఎస్తేరమ్మకు నా నమస్కారాలు. ఎత్తయిన ఊళ్ళో, యూకలిప్టస్ చెట్ల మధ్య మెట్టదారి ఎక్కాక, ఎడమవైపు రేకుల గేటు ఉన్న ఇంట్లో అల్మాజ్ ఆ కరువు దాటి బతికిందో లేదో మాకు తెలియలేదు. ఆమెకు మొదటి నమస్కారం. సాల్మన్ గారి పిల్లలు నేను రాసిన ఇది చదివి కోపంతో మా ఇంటికి వస్తే రావచ్చు. కుంపటి సిద్ధంగానే ఉంది. జవాబు మూడో గిన్నె తాగాక చెప్తాను.